బేస్‌బాల్ ఆట: కంటి సాక్ష్యము, లెక్క సాక్ష్యము

2020వ సంవత్సరము అక్టోబరు 27వ తేదీ రాత్రి, అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమున ఆర్లింగ్టన్ పట్టణములో, ఒక మనిషి ఆటస్థలము నడుమకు నడచి వచ్చి, బంతి విసరుచున్న యువకుని ఇక చాలునని వెనుకకు పంపినాడు. జరిగినది ఇంతే. అందుకు పట్టుమని రెండు నిమిషములు గూడ పట్టలేదు. అయినను ఆ రెండు నిమిషములను గూర్చి ఆ దేశపు క్రీడాభిమానులలో పుట్టిన తగవు నేటికిని తీరలేదు.

ఆ ఆట బేస్‌బాల్. ఆ రాత్రి జరిగినది వరల్డ్ సిరీస్ అను చాంపియన్‌షిప్ పోటీలో ఆరవ ఆట. టాంపా బే రేస్ జట్టు ఆ ఆట ఓడినచో పోటీయే ఓడినట్లు. వారి పక్షమున బంతి విసరుచున్నవాడు బ్లేక్ స్నెల్. అతడు అప్పటికి 73 బంతులు విసరి, తొమ్మిదిమందిని నిలిచినచోటనే ఔట్ చేసినాడు. రెండే రెండు హిట్‌లు ఇచ్చినాడు. ఎదుటి జట్టయిన లాస్ ఏంజిల్స్ డాడ్జర్స్‌లో మొదటి ముగ్గురు మేటి ఆటగాండ్రు అతనిని ఆరుసార్లు ఎదుర్కొని, ఆరుసార్లును బంతిని మైదానములోనికి కొట్టలేక వెనుదిరిగినారు. టాంపా బే 1-0తో ముందున్నది. సరిగా అట్టి సమయమున మేనేజరు కెవిన్ క్యాష్ వచ్చి అతనిని తప్పించినాడు.

తరువాత జరిగినదానిని చెప్పుటకు ఎక్కువ మాటలు అక్కరలేదు. కొత్త పిచ్చరు వచ్చినాడు. మూకీ బెట్స్ బంతిని గట్టిగా కొట్టి రెండవ బేసు చేరినాడు. కొద్దిసేపటిలో స్కోరు సమమైనది. ఆ వెంటనే డాడ్జర్స్ ముందుకు పోయినారు. 3-1తో ఆటను, దానితో చాంపియన్ పదవిని గెలుచుకొన్నారు.

“కండ్ల యెదుట అంత బాగుగా ఆడుచున్నవానిని తీసివేయుటకు చేతులెట్లు వచ్చినవి?” అని పాతకాలపు అభిమాని అడుగును. “ఒక పిచ్చరు అదే బ్యాట్స్‌మన్లను మూడవసారి ఎదుర్కొన్నప్పుడు దెబ్బతినుట మెండని వేల ఆటల లెక్క చెప్పుచున్నది. ఆ ఏడు ఆ యువకుడు ఒక్క ఆటలోనైనను ఆరు ఇన్నింగ్సులు పూర్తిచేయలేదు. మేనేజరు చేసినది న్యాయమే, ఫలితము మాత్రము బెడిసినది” అని కొత్తకాలపు అభిమాని బదులు చెప్పును. ఈ ఇద్దరి నడుమనున్న వివాదమే నేటి మన ప్రసంగ విషయము. తండ్రికొడుకులు ఒకే బల్లమీద కూర్చుండి ఆట చూచుచు ఈ విషయమై మాట మాట పెంచుకొనుట అమెరికాలో సాధారణ దృశ్యము. ఆ దేశమున స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో, బడిలో బేస్‌బాల్ నేర్చుకొనిన పిల్లల మూలమున, ఈ చర్చ కొన్ని యిండ్లలోనికి గూడ వచ్చియుండును.

వివాదము బోధపడుటకు ఆటను గూర్చి కొంచెము తెలియవలెను. క్రికెట్టు ఎరిగిన మనకు ఇది కష్టము కాదు. జట్టుకు తొమ్మిదిమంది. మైదానములో వజ్రాకృతిగా నాలుగు బేసులు ఉండును. పిచ్చరు బంతి విసరును. బ్యాట్స్‌మన్ కొట్టి పరుగెత్తును. మూడు బేసులు దాటి మొదట నిలిచినచోటికి తిరిగి చేరినచో ఒక పరుగు. బంతి కంచె దాటి పడినచో హోమ్ రన్. పిచ్చరు నాలుగు బంతులు గురి తప్పి విసరినచో బ్యాట్స్‌మన్ కొట్టకయే మొదటి బేసునకు నడచి పోవచ్చును. దీనిని వాక్ అందురు. మూడు మంచి బంతులు తప్పిపోయినచో స్ట్రైకౌట్. క్రికెట్టులో ఒకడు రోజంతయు బ్యాటు పట్టుకొని నిలువవచ్చును; ఇచ్చట అట్లు కాదు. తొమ్మిదిమందికి వరుసగా వంతు వచ్చును, మరల మొదటివానికి తిరుగును. ముగ్గురు ఔట్ అయినచో ఆ ఇన్నింగ్సులో ఆ పక్షము వంతు ముగియును. ఇట్లు తొమ్మిది ఇన్నింగ్సులు. అనగా ఒక జట్టు చేతిలోనున్న మూలధనము 27 ఔట్‌లు. దానిని ఎట్లు ఖర్చు పెట్టవలెననునదే ఈ వాదమునకు మూలము.

లెక్కలు ఈ ఆటలోనికి నిన్న మొన్న వచ్చినవని చాలమంది తలంతురు. అది పొరపాటు. ఇంగ్లండులో పుట్టి బాల్యముననే అమెరికా చేరి, క్రికెట్టు వార్తలు వ్రాయుచుండిన హెన్రీ చాడ్విక్ అను విలేఖరి, 1859లోనే ఒక్కొక్క ఆటను చిన్న పట్టికగా కుదించి పత్రికలో ప్రకటించు పద్ధతిని ఏర్పరచినాడు. క్రికెట్టులోని సగటును చూచియే బేస్‌బాల్‌కు బ్యాటింగు సగటు వచ్చినది. ఎన్నిసార్లు కొట్టుటకు నిలిచినాడు, అందులో ఎన్ని హిట్‌లు చేసినాడు అనునదే ఆ లెక్క. వాక్ పొందుట బ్యాట్స్‌మన్ ప్రతిభ కాదు, పిచ్చరు తప్పిదము మాత్రమేయని చాడ్విక్ అభిప్రాయము. కనుక వాక్ సగటులో చేరలేదు. 1887లో ఒక్క సంవత్సరము వాక్‌లను గూడ హిట్‌లుగా లెక్కించి చూచినారు; సగటులు ఒక్కసారిగా ఆకాశమునకు ఎగసినవి; మరుసటి ఏడే ఆ పద్ధతిని విడిచిపెట్టినారు. అటుపిమ్మట నూరేండ్లు అభిమానులు బ్యాటింగు సగటునే ఆటగాని విలువకు గీటురాయిగా నమ్మినారు.

ఆ గీటురాయిలోని లోపమెట్టిదో ఒక చిన్న ఉదాహరణతో చూతము. ఇద్దరు ఆటగాండ్రకు చెరి నూరుసార్లు వంతు వచ్చినదనుకొందము. మొదటివాడు 27 హిట్‌లు, 3 వాక్‌లు పొందినాడు. వాక్‌లను తీసివేసి లెక్కించిన అతని సగటు 0.278. రెండవవాడు 22 హిట్‌లు, 16 వాక్‌లు పొందినాడు. అతని సగటు 0.262. పత్రికలో చూచినవారు మొదటివానినే మెచ్చుకొందురు. కాని బేసు చేరిన సార్లు ఎన్ని? మొదటివాడు 30, రెండవవాడు 38. మొదటివాడు జట్టు మూలధనములో 70 ఔట్‌లు ఖర్చుపెట్టినాడు. రెండవవాడు 62 మాత్రమే. మంచి బంతి కొరకు ఓపికతో నిలిచిన రెండవవాని గుణమును పాత సగటు చూడలేకపోయినది. అందుచేత ఈ తగవు లెక్కలకును, లెక్కలు లేనితనమునకును నడుమ జరుగునది కాదని మనము మొదటనే గ్రహింపవలెను. పాత అభిమాని గూడ అంకెలనే నమ్మినాడు. అవి తాత నాటి అంకెలగుట చేత అంకెలవలె కనిపించలేదు.

ఇక రెండవ మెట్టు. రేడియో వినువారికి ప్రీతి కలిగించు కథ ఇది. కెనడా దేశపు రక్షణ పరిశోధనలో పనిచేసిన జార్జి లిండ్సే అను శాస్త్రజ్ఞుడు బేస్‌బాల్ వ్యూహములను గణితముతో పరీక్షింపదలచినాడు. కావలసిన వివరములు ఏ పట్టికలోను లేవు. అతని తండ్రి కర్నల్ చార్లెస్ లిండ్సే ఆటలను రేడియోలో వినుచు, టెలివిజన్‌లో చూచుచు, ఏ స్థితి నుండి ఏ స్థితికి ఆట మారినదో ఓపికతో వ్రాసిపెట్టినాడు. 1959, 1960 సంవత్సరములలోని 6,399 అర ఇన్నింగ్సుల వివరములు అట్లు చేకూరినవి. 1963లో కుమారుడు వాని ఫలితములను ప్రకటించినాడు.

ఆ ఫలితములలో ఒకటి పాత నమ్మకమును కదిలించినది. బేస్‌బాల్‌లో బంట్ అను ఎత్తుగడ కలదు. మొదటి బేసుపై మనవాడొకడు నిలిచియుండగా, కొట్టవలసినవాడు బంతిని మెల్లగా నేలకు తాకించి తాను ఔట్ అగుచు, ముందున్నవానిని రెండవ బేసునకు జరుపును. తన్ను త్యాగము చేసికొని జట్టును ముందుకు నడుపుట గనుక దీనిని పెద్దలు మంచి ఆటకు గుర్తుగా భావించినారు. లిండ్సే పట్టిక ఏమి చెప్పినది? ఎవరును ఔట్ కాక, మొదటి బేసుపై ఒకడున్నప్పుడు ఆ ఇన్నింగ్సులో సగటున 0.81 పరుగులు వచ్చినవి. ఒకడు ఔట్ అయి, రెండవ బేసుపై ఒకడున్నప్పుడు వచ్చినవి 0.67 మాత్రమే. కనీసము ఒక పరుగు వచ్చు అవకాశము చూచినను రెండు స్థితులకును ఇంచుమించు భేదము లేదు. అనగా ఆ త్యాగము మెచ్చదగినదే కాని, తరచుగా లాభసాటి కాదు.

త్యాగమును అంకెలతో కొట్టివేయుట పాతవారికి నొప్పి కలిగించినది. వారి జవాబు గూడ తేలికగా త్రోసివేయదగినది కాదు. “మీ సగటులో మేటి బ్యాట్స్‌మన్, బలహీనుడు ఇద్దరును కలిసియున్నారు. ఇప్పుడు నిలిచినవాడు బలహీనుడు, ఎదుట విసరుచున్నవాడు అరివీరుడు, ఆట చివరి ఇన్నింగ్సు, ఒక్క పరుగు చాలును. అట్టిచోట మీ సగటు నాకేమి చెప్పును?” అని వారడిగినారు. నిజమే. లెక్కల పండితులు గూడ తరువాతి కాలమున ఈ భేదములను ఒప్పుకొని తమ పట్టికలను సవరించుకొన్నారు.

నిజమునకు పేరుమోసిన పెద్దలలో ఈ రెండు గుణములును ఒకే మనిషిలో కలిసియున్న సందర్భములు కలవు. బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టును నడపిన బ్రాంచ్ రికీ కుర్రవాని నడకను బట్టి ఆటగానిని పోల్చగల కంటిచూపునకు ప్రసిద్ధుడు. 1947లో జాకీ రాబిన్సన్‌ను తన జట్టులో ఆడించి, నల్లవారికి పెద్ద పోటీలలో మూసియున్న తలుపును తెరచినవాడు ఆయనయే. అదే 1947లో అలన్ రాత్ అను గణకుని జీతమిచ్చి కొలువులో పెట్టుకొన్నవాడును ఆయనయే. బాల్టిమోర్ మేనేజరు ఎర్ల్ వీవర్ పాతకాలపు కోపిష్టి మనిషి. అంపైరులతో కలహములకు పేరుపడినవాడు. కాని ఏ బ్యాట్స్‌మన్ ఏ పిచ్చరుపై ఎట్లు ఆడినాడో చిన్న చిన్న కార్డులపై వ్రాయించి దగ్గర ఉంచుకొనువాడు. బంట్ అన్నచో ఆయనకు గిట్టదు.

పండితుల గదులలోనున్న ఈ విషయము సామాన్య అభిమానుల చేతికి వచ్చుట బిల్ జేమ్స్ అను రచయిత మూలమున జరిగినది. ఆయన కాన్సాస్ రాష్ట్రములోని లారెన్సు పట్టణమున, చిక్కుడుగింజలను డబ్బాలకు ఎక్కించు కర్మాగారములో రాత్రి కాపలా ఉద్యోగి. ఆ రాత్రులలో ఆయన పత్రికల పట్టికలను ముందుంచుకొని ప్రశ్నలు వేసికొన్నాడు. 1977లో స్వయముగా ఒక చిన్న పుస్తకము అచ్చువేసి అమ్మినాడు. కొన్నవారు కొద్దిమందియే, కాని ఏటేట పాఠకులు పెరిగినారు. బేస్‌బాల్ పరిశోధనకై 1971లో ఏర్పడిన సంఘము పేరును బట్టి ఈ విద్యకు సేబర్‌మెట్రిక్స్ అని ఆయన పేరు పెట్టినాడు. పెద్ద జట్ల అధికారులు మాత్రము చాలకాలము దానిని పట్టించుకొనలేదు. ఆట ఆడని కాపలావాడు ఆటను గూర్చి తమకు నేర్పుటయా అని వారి ధోరణి.

వారిని మేల్కొలిపినది 2002వ సంవత్సరము. కాలిఫోర్నియాలోని ఓక్లండ్ అథ్లెటిక్స్ బీద జట్టు. ఆటగాండ్ర జీతములకు వారు వెచ్చించినది ఏటికి ఇంచుమించు 4 కోట్ల డాలర్లు. న్యూయార్క్ యాంకీస్ వెచ్చించినది 12 కోట్లకు పైన. ముందటి ఏడే వారి మేటి ఆటగాండ్రు ముగ్గురు ఎక్కువ జీతమిచ్చు జట్లకు వెళ్ళిపోయినారు. అప్పుడు జట్టు అధికారి బిల్లీ బీన్, అతని సహాయకుడు పాల్ డిపొడెస్టా ఒక ప్రశ్న వేసికొన్నారు: “విపణిలో చవకగా దొరకుచు, పరుగులు తెచ్చు గుణమేది?” జవాబు మన ఉదాహరణములోని రెండవ ఆటగాడే. ఓపికతో నిలిచి బేసు చేరువారి విలువను తక్కిన జట్లు గుర్తింపలేదు. స్కాట్ హాటెబర్గ్ అనువాడు మోచేతి నరము దెబ్బతిని తన పూర్వపు స్థానమున ఆడజాలని స్థితిలో ఉండగా, వీరు పిలిచి అతనికి కొత్త స్థానము నేర్పినారు. ఆ ఏడు సెప్టెంబరు 4వ తేదీన, 11-0తో ముందుండియు పట్టు సడలి 11-11కు జారిన ఆటను, ఆ హాటెబర్గే చివరి ఇన్నింగ్సులో హోమ్ రన్ కొట్టి గెలిపించినాడు. అది ఓక్లండ్ వరుసగా గెలిచిన ఇరువదవ ఆట. ఆ సంవత్సరము ఓక్లండ్ గెలిచినవి 103 ఆటలు. అంత డబ్బు పోసిన యాంకీస్ గెలిచినవియు 103 ఆటలే. మైకేల్ లూయిస్ 2003లో వ్రాసిన ‘మనీబాల్’ గ్రంథము ఈ కథను దేశమంతట చాటినది.

కాని పాత పక్షమువారు అప్పుడు గూడ మౌనము వహించలేదు. వారు రెండు విషయములు ఎత్తి చూపినారు. ఒకటి: ఆ సంవత్సరము ఓక్లండ్‌కు వెన్నెముక ముగ్గురు గొప్ప పిచ్చర్లును, లీగులో ఉత్తమ ఆటగాడుగా ఎన్నికైన మిగ్వెల్ టెహాడాయును. టెహాడా డొమినికన్ రిపబ్లిక్‌లో పుట్టి పెరిగినవాడు. బీన్ ఆ పదవికి రాకముందే, 1993లోనే, ఆ జట్టు అతనిని చేర్చుకొన్నది. అట్టి బాలురను వెదకి తెచ్చువారు స్కౌట్‌లు. వారు ఎండలో పల్లెల మైదానముల వెంట తిరుగుచు, బక్కచిక్కిన కుర్రవానిలో రేపటి ఆటగానిని చూడనేర్చినవారు. ఏ పట్టికలోను పేరు లేని కుర్రవానిని గూర్చి పట్టిక ఏమి చెప్పగలదు? రెండవది: అంత గెలిచిన ఓక్లండ్ చివరి పోటీలలో మొదటి మెట్టులోనే మిన్నెసోటా జట్టు చేతిలో ఓడినది. నూటఅరువది రెండు ఆటలలో నిలిచిన సగటు, అయిదు ఆటల పోరులో నిలువలేదు.

ఈ రెండవ మాటలోనే అసలు కీలకము ఉన్నదని నా అభిప్రాయము. లెక్క పెక్కింటిని గూర్చి మాటలాడును. మేనేజరు ముందున్నది ఎప్పుడును ఒక్కటే. పెక్కింటిలో నిజమైనది ఆ ఒక్కదానిలో నిజము కాకపోవచ్చును. అట్లని ఆ ఒక్కదానికై మనసు చెప్పినదెల్ల నమ్మినచో పెక్కింటిలో ఓడిపోవుదుము. ఇరుపక్షములును మోయవలసిన చిక్కు ఇది.

ఈ చిక్కు ఎంత చక్కగా విడిపోవచ్చునో 2004 అక్టోబరు 17వ తేదీ రాత్రి బోస్టన్ నగరమున కనబడినది. అప్పటికి బోస్టన్ రెడ్ సాక్స్ బిల్ జేమ్స్‌ను సలహాదారుగా పెట్టుకొన్న జట్టు. యాంకీస్‌పై అంతకుముందే మూడు ఆటలు ఓడి, నాలుగవ ఆటలో గూడ చివరి ఇన్నింగ్సున 4-3తో వెనుకబడియున్నది. ఎదుట మారియానో రివేరా. ఆట చివర విసరువారిలో అతనికి సాటి లేడు. కెవిన్ మిల్లర్ ఓపికతో నిలిచి వాక్ సంపాదించినాడు. ఇది లెక్కలవారు మెచ్చు గుణము. అతనికి బదులుగా పరుగెత్తుటకు డేవ్ రాబర్ట్స్ వచ్చినాడు. వచ్చుట ఎందుకో మైదానములో అందరికిని తెలియును. బంతి విసరుచుండగనే పరుగెత్తి తరువాతి బేసును కాజేయుట, అనగా బేసు దొంగతనము. పదింట ఏడుసార్లయిన నెగ్గనిచో ఈ పని నష్టమని లెక్కలవారు హెచ్చరించుచుందురు. రాబర్ట్స్ పరుగెత్తినాడు, వెంట్రుకవాసిలో నెగ్గినాడు. బిల్ ముల్లర్ హిట్‌తో అతడు ఇల్లు చేరి స్కోరు సమము చేసినాడు. పండ్రెండవ ఇన్నింగ్సులో బోస్టన్ గెలిచినది. పిదప వరుసగా గెలుచుచు 1918 తరువాత మొదటిసారి చాంపియన్ అయినది. ఒక వాక్, ఒక దొంగతనము. ఒకటి కొత్తవారి పాఠము, రెండవది పాతవారి సాహసము. ఏ ఒక్కటి లేకున్నను ఆ గెలుపు లేదు.

ఇంతవరకు చెప్పినది గెలుపును గూర్చిన వాదము. తరువాతి పదిహేనేండ్లలో వాదము మరొక దారి పట్టినది. ఓక్లండ్ కనిపెట్టిన రహస్యము రహస్యముగా నిలువలేదు. ధనికజట్లు గూడ గణితజ్ఞులను కొలువులో చేర్చుకొన్నవి. 2015 నుండి పెద్ద లీగు మైదానములన్నింట పరికరములు ప్రతి బంతి వేగమును, వంపును, బ్యాటును వీడిన కోణమును కొలుచుచున్నవి. అందరును ఒకే సత్యమును తెలిసికొన్నారు: బంతిని నేలమీద కొట్టుటకంటె గాలిలోనికి కొట్టుట మేలు, స్ట్రైకౌట్ అయినను ఫరవాలేదు, హోమ్ రన్ వచ్చినచో చాలును. పిచ్చరు ఎక్కువసేపు నిలువనక్కరలేదు. ఉన్న బలమంతయు పోసి కొద్దిసేపు విసరినచో చాలును. బంతి ఎటు పోవునో ముందే తెలియును గనుక ఆటగాండ్రను ఆ పక్కకే జరిపి నిలుపవచ్చును. ఈ చివరి ఎత్తుగడ వాస్తవమునకు పాతదే. 1946లో లూ బుడ్రో అను మేనేజరు, టెడ్ విలియమ్స్ కొట్టు దిక్కును ఎరిగి తన మనుష్యులను ఇంచుమించు అందరిని కుడివైపునకు జరిపినాడు. అప్పుడు అది వింత. 2022 నాటికి అది నిత్యవిధి.

ఫలితమేమైనది? 2018లో, చరిత్రలో మొదటిసారిగా, ఏడాది మొత్తములో హిట్‌లకంటె స్ట్రైకౌట్‌లు ఎక్కువైనవి. 2022లో లీగు బ్యాటింగు సగటు 0.243కు దిగజారినది, 1968 తరువాత అంత తక్కువ ఎన్నడును లేదు. ఆట సగటున మూడు గంటలకు పైగా సాగినది. 1968లో బాబ్ గిబ్సన్ అను పిచ్చరు తానొక్కడే 28 ఆటలను మొదటినుండి చివరివరకు విసరినాడు. 2022లో ముప్పది జట్ల పిచ్చర్లందరును కలిసి అట్లు పూర్తిచేసినవి 36 మాత్రమే. బలమంతయు పోసి విసరుట వలన మోచేతులు దెబ్బతిని శస్త్రచికిత్సలు పెరిగినవి. గరిష్ఠవేగముకై వెంపరలాట దీనికి ఒక ముఖ్యకారణమని 2024 డిసెంబరులో లీగు తానే ప్రకటించిన నివేదికలో ఒప్పుకొన్నది. పెద్దవారిని చూచి బడిపిల్లలు గూడ అట్లే చేయుచున్నారని ఆ నివేదికయే హెచ్చరించినది.

ఇచ్చట రేడియో మాట చెప్పక తీరదు. బేస్‌బాల్ ఆట మొదటిసారి రేడియోలో ప్రసారమైనది 1921 ఆగస్టు 5వ తేదీన, పిట్స్‌బర్గ్ నగరమునుండి. అప్పటినుండి అది చెవితో చూడదగిన ఆటగా పేరుపొందినది. డాడ్జర్స్ ఆటలను 1950 నుండి 2016 వరకు 67 సంవత్సరములు వర్ణించిన విన్ స్కల్లీ మాట వినుటకై, లాస్ ఏంజిల్స్‌లో జనులు మైదానమునకే ట్రాన్సిస్టరు రేడియోలు తెచ్చుకొనువారు. ఆట కండ్లముందు జరుగుచుండగా దానిని చెవిలో గూడ వినవలెనని వారి కోరిక. బంతి కొట్టబడి, ఒకడు పరుగెత్తి, మరొకడు దూకి పట్టి, ఇంకొకడు విసరినప్పుడే వర్ణించువానికి మాట దొరకును. కొట్టనివాడు వెనుదిరుగుట, కొట్టినది కంచె దాటుట, ఈ రెండే మిగిలినచో మైదానములోని ఏడుగురు నిలబడి చూచువారే యగుదురు. పాత అభిమాని వాదమునకు ఇదియే బలమైన రూపము. ఆయన “మీ లెక్క తప్పు” అనుట లేదు. “మీ లెక్క ఒప్పే, అందుకే ఆట చప్పబడినది” అనుచున్నాడు.

దానికి కొత్త అభిమాని జవాబు గూడ వినదగినదే. “గెలుచుటకు మేలైన దారి తెలిసియుండియు, చూచువారి వేడుకకై దానిని విడువుమని జట్టును ఎట్లు అడుగుదుము? ఆట బాగుండవలెనన్నచో నియమములు మార్చుడు; మేనేజరును నిందింపకుడు” అని ఆయన వాదము. 1968లో పిచ్చర్లు మితిమీరిన బలము చూపినప్పుడు, 1969లో వారు నిలుచు దిబ్బ ఎత్తును 15 అంగుళములనుండి 10 అంగుళములకు తగ్గించినారు. సంప్రదాయమనుకొనుచున్నది గూడ ఎప్పుడో ఒకప్పుడు మార్చి కట్టుకొన్నదే.

చివరకు జరిగినది అదియే. 2023లో లీగు మూడు ముఖ్యమైన మార్పులు తెచ్చినది. పిచ్చరు నిర్ణీత సెకండ్లలోపల విసరి తీరవలెను. లోపలి ఆటగాండ్రు రెండవ బేసుకు ఇరుప్రక్కల ఇద్దరేసి నిలువవలెను. బేసు పలకలను 15 అంగుళములనుండి 18 అంగుళములకు పెంచినారు. ఆ ఒక్క ఏటిలోనే సగటు ఆట 3 గంటల 4 నిమిషములనుండి 2 గంటల 40 నిమిషములకు తగ్గినది. బేసు దొంగతనములు 2,486 నుండి 3,503కు పెరిగినవి. గమనింపుడు: ఎవ్వరును లెక్కలు మానలేదు. బేసులు దగ్గరయినచో పరుగెత్తుట లాభమని ఆ గణితజ్ఞులే మరల లెక్కించి తమ ఆటగాండ్రను పరుగెత్తించినారు. లెక్క మారలేదు, లెక్కకు ఇచ్చిన ప్రశ్న మారినది.

ఇప్పుడు మరల ఆర్లింగ్టన్ మైదానమునకు పోదము. ఆ రాత్రి టాంపా బే మేనేజరును నిందించినవారు అంకెలను నిందించినారు. కాని అంకెలు గూడ ఆ రాత్రి ఒకే మాట చెప్పలేదు. మూడవసారి ఎదుర్కొనుట ప్రమాదమని ఒక అంకె చెప్పినది. బదులుగా వచ్చిన పిచ్చరు అంతకుముందు వరుసగా ఆరు ఆటలలో పరుగులు ఇచ్చియున్నాడని మరొక అంకె చెప్పినది. ఏ అంకెను వినవలెనో చెప్పు అంకె మాత్రము లేదు. అది మనిషి చేయవలసిన పని. గెలిచిన డాడ్జర్స్ జట్టును గూడ నడపుచున్నది లెక్కల విద్యయే. దాని ముఖ్యాధికారి ఆండ్రూ ఫ్రీడ్మన్ 2014 వరకు టాంపా బేను నడపి పేరు తెచ్చుకొన్నవాడు. ఇక ఆ రాత్రి డాడ్జర్స్ మేనేజరుగా ఎదుటి పక్షమున నిలిచినవాడెవరనుకొన్నారు? పదునారేండ్ల క్రిందట బోస్టన్‌లో, అందరు చూచుచుండగా, రెండవ బేసును దొంగిలించిన డేవ్ రాబర్ట్స్.

క్రికెట్టులో సయితము ఇప్పుడు ఏ బ్యాట్స్‌మన్‌కు ఏ బౌలరును వేయవలెనో పట్టికలు చూచి నిర్ణయించుచున్నారు గనుక, ఈ తగవు మన యిండ్లకు దూరమైనది కాదు. తండ్రి “వాడు ఊపులో ఉన్నాడు, తీయరాదు” అనును. కొడుకు “ఊపనునది లెక్కలో కనబడదు” అనును. ఇద్దరిని వాదించుకొననిండు. ఎట్లు గెలువవచ్చునో లెక్క చెప్పగలదు. ఎట్టి ఆటను గెలువవలెనో, ఏ ఆటకై మనము సాయంకాలము రేడియో ముందు కూర్చుందుమో, అది చెప్పవలసినవారు ఆటను ప్రేమించువారే.